నెమలి పసుపు

అరవై మూడో మొక్క కూడా మామూలుగానే లేచింది. వెడల్పాటి పచ్చటి ఆకు, ఆకు వెనక మెత్తటి నూగు, కాలవగట్ల మీద ఎక్కడ చూసినా కనిపించే అడవి పసుపే. మధ్య ఈనె మీద ఊదారంగు చార మాత్రం లేదు. భూతద్దం పెట్టి వెతికినా లేదు.

హైమ మట్టిపెట్టె అద్దం మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచింది.

"ఏం రోగమే నీకు? అడిగినవన్నీ పెట్టానా? ఇనుము పెట్టాను, నీళ్లు పెట్టాను, ఎండ పెట్టాను. ఇంకేం కావాలి, హారతి ఇవ్వమంటావా?"

పెట్టె ఏం పలుకుతుంది! లోపల దీపాలు వెలిగించుకొని, సన్నగా బుయ్‌మంటూ, తన పని తాను చేసుకుపోతోంది. బీరువా అంత ఉంటుంది అది. గుప్పెడు మట్టి తెచ్చి దాని నోట్లో పోస్తే చాలు, అందులో ఇనుమెంత, ఉప్పెంత, సున్నమెంత, నీళ్లు ఎంతసేపు నిలుస్తాయి, గాలి ఎంత లోతుకు దూరుతుంది, అన్నీ కొలుచుకొని, అచ్చం అలాంటి మట్టినే బుట్టలకొద్దీ కలిపి ఇస్తుంది. ఆ మట్టిలో దుంప పాతి తలుపు వేశామంటే, పగళ్లూ రాత్రులూ ఎండలూ వానలూ తరిమి తరిమి నడిపించి, ఏడాది పట్టే పసుపు మొక్కను పదకొండు రోజుల్లో పెంచేస్తుంది. దాని దుంపను తనే తవ్వి మళ్లీ పాతుకుంటుంది, ఇంకో పదకొండు రోజుల్లో ఇంకో తరం. నాలుగు తరాలకు నలభై నాలుగు రోజులు. లోపల నాలుగు అరలున్నాయి, ఒకేసారి నాలుగు ప్రయత్నాలు నడుస్తాయి. ఇంత తెలివైన పెట్టెను కనిపెట్టిన మనిషికి ఒక్క ఊదా చార తెప్పించడం చేతకాలేదు. రాజమండ్రి పొలిమేరలో ఉన్న ఆ పరిశోధన కేంద్రంలో రెండేళ్లుగా ఇదే తంతు. గది బయట డాక్టర్ గుబ్బల హైమావతి అని బోర్డు ఉంది. ఈ మధ్య దాని వైపు చూడాలంటేనే ఆమెకు ఒళ్లు మండుతోంది.

ఆమెకు కావలసిన ఊదా చార లోకం మొత్తం మీద ఒక్కచోటే ఉంది. రంపచోడవరం దాటి ఏజెన్సీలోకి పోతే, ఇనపమెట్ట అని ఒక కొండ. ఆ కొండ మట్టి ఎర్రగా తుప్పు పట్టినట్టుంటుంది. అక్కడ పెరిగే అడవి పసుపుకు ఆకు నడుమ నెమలి మెడ రంగులో చార ఉంటుంది. కొండ మీద ముప్పై రెండు ఇళ్ల కొండరెడ్లు దాన్ని నెమలి పసుపు అంటారు. దానికి శాస్త్రంలో పేరు పెట్టిన మనిషి హైమ తండ్రి నూకరాజు మాస్టారు.

మాస్టారు కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరై పదిహేనేళ్లయింది. ముప్పై ఏళ్ల పాటు అడవులన్నీ తిరిగి, అడవి పసుపులో అయిదు జాతులున్నాయని తేల్చి, అయిదింటికీ అయిదు పేర్లు పెట్టారు. కాలవగట్టు పసుపు ఒకటి, నెమలి పసుపు ఒకటి, తెల్లరాళ్ల వాగు పక్కన దొరికే సన్నాకు పసుపు ఒకటి, ఇంకో రెండు. ఆయన పేరు పుస్తకాల్లోకి ఎక్కిందంటే ఆ అయిదింటి వల్లే. ఆ అయిదూ ఒకటే మొక్క అనీ, అయిదు రకాల మట్టి దాన్ని అయిదు రకాలుగా మలిచిందనీ హైమ అంటుంది. కన్నకూతురే అంటే ఆ తండ్రికి ఎలా ఉంటుంది!

ఆ ఆదివారం కూడా అదే గొడవ. మాస్టారు పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకొని, కొత్తగా తెచ్చిన మొక్కల వేళ్లు బేసినులో కడుగుతున్నారు. మట్టి రవ్వ మిగలకూడదు ఆయనకు. పాత టూత్‌బ్రష్‌తో సందుసందూ తోమి, వేళ్లు పాలలా తెల్లబడ్డాకే పాత పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెడతారు. "వేరు కడగడం రానివాడు వృక్షశాస్త్రానికి పనికిరాడు" అని ఎన్ని బ్యాచ్‌లకు చెప్పారో లెక్కలేదు. హైమకు అయిదేళ్లప్పుడే ఆ బ్రష్ చేతికిచ్చి నేర్పారు.

"ఏవండోయ్, అది నేను బియ్యం కడుక్కునే బేసినండీ! పోయినవారమే చెప్పాను. చెవిటోడి ముందు మొత్తుకున్నట్టే ఉంది నా బతుకు" అంది తల్లి వీరమణి వంటింట్లోంచి.

"ఇచ్చేస్తానే, ఆగు."

భోజనాల దగ్గర హైమ పప్పులో అన్నం కలుపుతూ, ఊరుకోలేక మళ్లీ కదిపింది. "నాన్నా, ఇనపమెట్ట దుంప తెచ్చి నువ్వు మన పెరట్లో వేశావు గుర్తుందా? రెండేళ్లకే చార పోయింది కదా?"

"తెగులొచ్చి పోయింది."

"తెగులు కాదు. మట్టి మారింది."

"మట్టి మారితే మొక్క జాతి మారుతుందా? ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్తే నువ్వు నా కూతురివి కాకుండా పోతావా?"

"గది కాదు నాన్నా, తిండి. తిండి మారితే?"

"తిండి మారితే లావవుతావు. అంతేగానీ వేరే మనిషివైపోవు."

"నేను చెప్పేదీ అదే! లావైన మనిషికి నువ్వు ఇంకో పేరు పెట్టావు!"

మాస్టారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. వీరమణి గరిటె పట్టుకొని నిలబడి ఇద్దరి వైపూ చూసింది. ఆయన చెయ్యి కడిగేసుకొని లేచిపోయారు.

"మజ్జిగన్నం తినకుండా లేపేశావు కదే మనిషిని" అంది వీరమణి. "నీ పెట్టె తగలడ! అది ఇంట్లోకి రాకముందే మనిషికి మనశ్శాంతి లేకుండా చేసింది."

హైమ కూడా కంచం పక్కకు జరిపింది. ఆయన్ను ఓడించాలని ఆమెకు లేదు. చిన్నప్పుడు ఇనపమెట్ట ఎక్కించి, "ఇదిగో అమ్మా, దీన్ని మొదట చూసింది మీ నాన్నే" అని మొక్క చూపించిన మనిషి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "నువ్వు చెప్పింది నిజమే" అని ఆ నోటితో అంటే చాలు. అది తప్ప ఏ బహుమతీ వద్దు ఆమెకు. ఆ మాట అనిపించడానికే కదా రెండేళ్లుగా ఈ దిక్కుమాలిన పెట్టెతో తన్నుకుంటోంది!

అరవై నాలుగో ప్రయత్నం మొదలుపెట్టిన రోజు కేంద్రంలో మోటారు కాలిపోయింది. కుళాయిల్లో చుక్క నీళ్లు లేవు. దుంప కడగడానికి అరగంట ఎదురుచూసి, వాచ్‌మన్‌ను రెండుసార్లు పంపి, విసిగిపోయి, "ఎలాగూ రాదు కదా, కడిగితే ఎంత కడక్కపోతే ఎంత" అనుకొని పెట్టె నోట్లో ఇనపమెట్ట మట్టి పోసిన చేతులతోనే, ఆ మట్టి అంటుకున్న కాలవగట్టు దుంపను అలాగే పాతేసి ఇంటికి పోయింది.

నలభై నాలుగో రోజున తలుపు తీస్తే ఆకు నడుమ నెమలి మెడ రంగు చార.

హైమ కిందనే చతికిలబడింది. అరవై మూడుసార్లు ఇనుమూ ఉప్పూ సరిచూసుకుంది గానీ, పాతే ముందు ప్రతిసారీ దుంపనూ తన చేతులనూ శుభ్రంగా కడిగింది. ఇనపమెట్ట మట్టిలో కంటికి కనిపించనంత సన్నటి బూజు దారాలుంటాయి. వేరును చుట్టుకొని మట్టిలోని ఇనుమును మొక్క నోటికి అందించేవి అవే. వాటిని ప్రతిసారీ టూత్‌బ్రష్‌తో తోమి కాలవలో పోసింది. తండ్రి నేర్పిన విద్య! ఆ బూజు ఉంటే తప్ప మట్టి తన పని చేయలేదు. ముప్పై ఏళ్లు నాన్నకు మట్టి సంగతి ఎందుకు తెలియలేదో కూడా ఆమెకు అప్పుడే అర్థమైంది. ఆయన బల్ల మీదికి ఏ మొక్కా మట్టితో రాలేదు.

కాలవగట్టు దుంపకే ఊదా చార వచ్చిన ఆ కుండీని ఒళ్లో పెట్టుకొని, ఆటోలో కుదుపులకు ఆకు విరక్కుండా చెయ్యి అడ్డం పెట్టుకొని ఇంటికి తీసుకొచ్చింది. మాస్టారు వసారాలో పేపరు చదువుతున్నారు.

"నాన్నా, చూడు."

ఆయన కళ్లద్దాల మీంచి ఒక్కసారి చూశారు. "ఇనపమెట్టది తెచ్చి కుండీలో పెట్టావు. బాగుంది."

"కాదు నాన్నా! మన ధవళేశ్వరం కాలవగట్టుది. నా చేత్తో తవ్వాను. నాలుగు తరాలకు ఇలా అయింది."

"ఎక్కడో దుంపలు కలిసిపోయి ఉంటాయి. మీ వాళ్లకు చీటీ కట్టే అలవాటు లేదు కదా."

"కనీసం దగ్గరకొచ్చి చూడు!"

"కుండీలో పెట్టి గారాబం చేస్తే ఏ మొక్కయినా వేషాలేస్తుంది" అని మాస్టారు పేపరు తిప్పేశారు. హైమకు ఆ కుండీని నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. తులసికోట పక్కన పెట్టేసి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

సరే, తండ్రి వినకపోతే లోకం వింటుందని, జరిగిందంతా రాసి పత్రికకు పంపింది. దుంప కడక్కూడదన్న సంగతి మొదట్లోనే లావు అక్షరాల్లో రాసింది. లోకం నిజంగానే విన్నది. అభినందనలు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి. మూడు నెలల తర్వాత ఒక సోమవారం పొద్దున్న సోమిరెడ్డి కూడా వచ్చాడు.

కత్తుల సోమిరెడ్డిది ఇనపమెట్ట. మాస్టారు మొదటిసారి కొండెక్కిన రోజు నుంచీ ఆయన బుట్ట మోసింది, దారి చూపింది అతనే. చిన్నప్పుడు హైమ కాళ్లు నొప్పులంటే భుజాన ఎక్కించుకునేవాడు. అందుకే ఆమెకు అతను బాబాయి. మాస్టారు ఊళ్లో లేరు. సోమిరెడ్డి వసారా మెట్టు మీదే కూర్చున్నాడు, లోపలికి రమ్మన్నా రాలేదు.

"అమ్మాయిగారూ, ఒక మాట అడుగుతానండి, ఏమనుకోకండి. మా కొండ కింద ఏదో లోహం ఉందని కంపెనీవోళ్లు పదేళ్లబట్టి తిరుగుతున్నారు కదండీ. మాష్టారు పేరెట్టిన మొక్క ఇంకెక్కడా పెరగదు గాబట్టి కొండని ముట్టుకోవద్దని కోర్టువోరు ఆపేరు కదండీ."

"అవును బాబాయ్."

"ఇప్పుడు పెరుగుద్దంట కదండీ. మీ పెట్లో. మా కొండ మట్టి కూడా ఆ పెట్టే తయారు చేసేస్తదంట. మొక్క కోసమే అయితే కొండ అక్కర్లేదని, పెట్టుంటే చాలని కంపెనీ లాయరు కోర్టులో చెప్పేడంట. మీరు రాసిందే చదివి ఇనిపించేడంట."

హైమ అతనికోసం తెచ్చిన మంచినీళ్ల గ్లాసు మెట్టు మీద పెట్టేసింది.

"నాకు సదువు లేదు. ఊరికే అడుగుతున్నానండి. మా ముప్పై రెండిళ్లూ మీ పెట్లో పడతాయాండీ?"

అతను వెటకారానికి అనలేదు. నిజంగానే అడిగాడు. హైమ మెట్టు మీద అతని పక్కనే కూర్చుండిపోయింది. మొక్కను కాపాడటానికే పెట్టె చేశానని పత్రికలో రాసింది తనే. కొండకు అగ్గి తగిలినా, వరదొచ్చినా మొక్క మిగిలి ఉంటుందని. కొండ తవ్వే కంపెనీకి మనుషులు అడ్డం కాదనీ, మొక్కే అడ్డమనీ, ఆ అడ్డం తీసేసేది తన పెట్టే అనీ ఆమెకు తోచనే లేదు. తోచకపోవడానికి బుర్ర లేదా? రెండేళ్లుగా ఆ బుర్రలో ఊదా చార తప్ప ఇంకేమైనా ఉంటే కదా!

కోర్టు ఒక కమిటీ వేసింది. కమిటీ కళ్ల ముందు పెట్టెలో నెమలి పసుపు వస్తే కొండ కంపెనీకి. రాకపోతే కొండ జోలికి ఇంకెవరూ రాకూడదు. మధ్యలో ఇంకో దారి లేదు. హైమ వెళ్లి చైర్మన్ దండపాణి గారి కాళ్లా వేళ్లా పడ్డంత పని చేసింది. ఒక్క మొక్క వస్తే చాలదనీ, కొండ అంటే మొక్కొక్కటే కాదనీ చెప్పింది. ఆయన మర్యాదస్థుడే. అంతా విన్నారు.

"అమ్మా, మీరు చెప్పేవన్నీ మంచి మాటలే. కానీ కోర్టు మమ్మల్ని అడిగింది ఒక్కటే ప్రశ్న. పెరుగుతుందా, పెరగదా? దానికే మేం జవాబు చెప్పాలి."

మొదటి రోజు కమిటీ వాళ్లు అయిదుగురు, కంపెనీ లాయరు, వాళ్ల వైపు ఒక శాస్త్రవేత్త పెట్టె గదిలో చేరారు. అడవి పసుపు గురించి తెలిసినవాళ్లలో పెద్దాయన కావడం వల్ల మాస్టారినీ పిలిచారు. కూతురి సిద్ధాంతానికి ఆయన బద్ధవిరోధి అని అందరికీ తెలుసు, అందువల్ల ఆయన సాక్ష్యానికి ఎవరూ వంక పెట్టరు. కాలవగట్టు నుంచి తెచ్చిన దుంపను ఆయనే పరీక్షించి, ఇది ఫలానా జాతి అని చీటీ రాసి, దాన్ని పాతే కుండీకి తన చేత్తో దారంతో కట్టారు.

హైమ దుంపను కుళాయి దగ్గరికి తీసుకుపోబోయింది. కడిగేస్తే ఏ గొడవా ఉండదు, పెట్టె అరవై మూడుసార్లు ఓడినట్టే అరవై అయిదోసారీ ఓడుతుంది.

"మేడమ్, కడగకూడదు కదా? ఇనపమెట్ట మట్టి పట్టించి అలాగే పాతాలని మీరే రాశారు" అన్నాడు కంపెనీ శాస్త్రవేత్త, ఆమె వ్యాసం కాయితాలు ముందుపెట్టుకొని. లావు అక్షరాలు ఆమె వైపే చూస్తున్నాయి.

ఇక మిగిలింది ఒక్కటే. సీలు వేసి తెచ్చిన ఇనపమెట్ట మట్టిని పెట్టె నోట్లో పోశారు. తెర మీద అంకెలు వరసగా పడ్డాయి. ఆ అంకెలు చదవడం ఆ గదిలో హైమకు తప్ప ఎవరికీ రాదు. సున్నం దగ్గర అంకె మీద వేలు పెట్టి పైకి జరిపింది. సున్నం ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. ఇనుము అందకపోతే ఊదా చార రాదు. తన పెట్టెను తన చేత్తోనే చంపుకుంటోంది. తలుపు మూసి, తాళం వేసి, లక్క అంటించారు.

బయట చెట్టు కింద సోమిరెడ్డి నిలబడి ఉన్నాడు. "భయపడకు బాబాయ్" అంది. ఎందుకు భయపడక్కర్లేదో చెప్పలేదు.

తండ్రికి అసలే చెప్పలేదు. చెబితే ఆయన ఒప్పుకోడు. ఒక మొక్క దొరికిన తేదీ ఒక్కరోజు తప్పు రాశాడని శిష్యుణ్ణి ఏడాది పాటు ఇంటి గడప తొక్కనివ్వని మనిషి. చెప్పాల్సిన పని కూడా లేదనుకుంది. తలుపు తీసినప్పుడు ఆయన చెయ్యాల్సిందల్లా, ఇన్నేళ్లుగా చెబుతున్నదే ఇంకోసారి చెప్పడం. ఇది నెమలి పసుపు కాదు, అంతే. ఇన్నాళ్లూ ఏ మొండితనం చూసి పళ్లు నూరిందో, ఇప్పుడు హైమ దాన్నే నమ్ముకుంది.

ఆ నలభై నాలుగు రోజులూ ఇంట్లో మాస్టారు హుషారుగా ఉన్నారు. కూతురు ఓడిపోతుందని సంతోషం కాదు, పాపం. ఓడిపోయాక ఎలా ఓదార్చాలో ముందే అనుకుంటున్నట్టుంది. "పరిశోధన అన్నాక పొరపాట్లు మామూలే అమ్మా. నేనూ రెండుసార్లు తప్పు రాసి దిద్దుకున్నాను" అన్నారు ఒకరోజు కాఫీ తాగుతూ. హైమ తల ఊపింది. ఇది ఇంకో నరకం.

తలుపు తీసే రోజు వచ్చింది. పొద్దున్న పదకొండు గంటలకు అందరూ చేరారు. సోమిరెడ్డీ, ఊరి పెద్దలు ఇద్దరూ గోడవారన నిలబడ్డారు. లక్క పగలగొట్టి, తలుపు తీసి, కుండీని బల్ల మీద పెట్టారు.

సన్నటి ఆకులు. పాలిపోయిన పసుపుపచ్చ రంగు, ఈనెలు మాత్రం పచ్చగా. ఊదా చార లేదు.

కంపెనీ లాయరు ముఖం మాడిపోయింది. చైర్మన్ గారు నిట్టూర్చి మాస్టారి వైపు తిరిగారు. "మీరు పరీక్షించి చెప్పండి సార్. ఇది నెమలి పసుపేనా?"

మాస్టారు భూతద్దం తీసి వంగి చూశారు. "కాదు."

"ఖాయంగా?"

"ఖాయంగా కాదు. అందులో అనుమానమే లేదు."

గోడవారన సోమిరెడ్డి ఊపిరి వదలడం హైమకు వినిపించింది. అయిపోయింది. పెట్టె పోయింది, పేరు పోయింది, నాన్న గెలిచాడు. కొండ మిగిలింది. చాలు. చైర్మన్ గారు గుమస్తాకు ఏదో రాయమని చెబుతున్నారు.

మాస్టారు మాత్రం ఇంకా వంగే ఉన్నారు. ఆకును తిప్పి వెనక చూశారు. నూగు లేదు. వేలితో వెడల్పు కొలిచారు. కుండీకి తను కట్టిన చీటీ చూసుకున్నారు, తన దస్తూరీనే. తర్వాత, హైమ పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూడని పని ఒకటి చేశారు. మొక్కను మట్టితో సహా పైకి తీసి, ఆ మట్టిని చిటికెలో నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఆగండి" అన్నారు.

హైమకు అప్పుడు తెలిసింది తను చేసిన తప్పు. పెట్టె ఓడిపోవాలంటే మొక్క మారకుండా ఉండాలి. ఇది మారింది. సున్నం నేలలో పెరిగితే అడవి పసుపు ఎలా మారుతుందో అచ్చం అలాగే మారింది. అలా మారుతుందని లోకానికి చెప్పింది తనే, చెప్పి తనే మర్చిపోయింది.

"నాన్నా, చాలు, నువ్వు చెప్పాల్సింది చెప్పేశావు కదా..."

"ఉండమ్మా!" మాస్టారు బల్ల వైపు తిరిగారు. "చైర్మన్ గారూ, ఇది కాలవగట్టు దుంప. చీటీ నేను కట్టాను. ఇప్పుడు ఈ ఆకు చూడండి. సన్నగా, నూగు లేకుండా, ఈనెల మధ్య పాలిపోయి. ఇది తెల్లరాళ్ల వాగు సన్నాకు పసుపు. తొంభై ఎనిమిదిలో నేనే వేరే జాతి అని పేరు పెట్టాను. అక్కడంతా సున్నపు రాయి. ఇక్కడ ఎవరైనా ఒక చుక్క యాసిడ్ ఇస్తారా?"

కంపెనీ శాస్త్రవేత్త పరుగున తెచ్చి ఇచ్చాడు. చుక్క పడగానే చిటికెడు మట్టి బుసబుసా పొంగింది.

"చూశారా! ఇనపమెట్ట మట్టిలో సున్నం ఉండదు. ఇది ఎక్కడో కలిసింది. పెట్టె తప్పేం లేదు. మట్టి మారింది, మొక్క మారింది. నలభై నాలుగు రోజుల్లో, నేను కట్టిన చీటీ కిందే మారింది!" ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ముప్పై ఏళ్లు కాదన్నాను. మా అమ్మాయి చెప్పిందే నిజం. అయిదూ ఒకటే మొక్క. సున్నం లేకుండా మళ్లీ పెట్టండి, నెమలి పసుపు వస్తుంది. రాసిమ్మంటే ఇప్పుడే రాసిస్తాను."

"రాసివ్వండి సార్. మీరే ఒప్పుకున్నాక మేం ఇంకో నలభై నాలుగు రోజులు ఆగక్కర్లేదేమో కూడా" అన్నారు చైర్మన్ గారు. కంపెనీ లాయరు లేచి స్వయంగా కుర్చీ జరిపాడు.

మాస్టారు కూర్చొని, కొట్టివేతల్లేకుండా గుండ్రటి అక్షరాలతో ఒక పేజీ రాశారు, కింద సంతకం చేశారు. లేచి వచ్చి, అంతమందిలోనూ హైమ తల మీద చెయ్యి వేశారు.

"నువ్వు చెప్పింది నిజమేనే అమ్మా. నాకే కళ్లు లేకపోయాయి."

ఎన్నేళ్లు ఎదురుచూసిందో ఆ మాట కోసం! ఆ చెయ్యి కింద నిలబడి హైమకు గొంతు చించుకొని అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? ఇంత పసిపిల్లాడిలా సంతోషపడుతున్న మనిషి మీదా?

మాస్టారు ఆ సంతోషంతోనే గోడ వైపు తిరిగారు. "సోమిరెడ్డీ, విన్నావా? మన హైమ ఎంత పని చేసిందో చూశావా?"

"చూశానండి బాబూ" అన్నాడు సోమిరెడ్డి. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఊరి పెద్దలతో వాళ్ల మాటలో ఏదో చెప్పాడు. ముగ్గురూ బయటికి నడిచారు.

మాస్టారు తెల్లబోయి చూశారు. "వాడలా వెళ్లిపోయాడేమే? భోజనానికి ఉండమందామనుకున్నాను." అంటూనే ఆయన ముఖంలో రంగు మారడం మొదలుపెట్టింది. కొండ సంగతి ఆయనకు తెలియక కాదు. ఆ ఆకు చూసిన క్షణం నుంచి గుర్తులేదు, అంతే. మళ్లీ హైమ వైపు తిరిగారు. గొంతు తగ్గించి అడిగారు. "ఆ సున్నం... అందులోకి ఎలా వచ్చిందే?"

"నేనే కలిపాను నాన్నా."

మాస్టారు గబుక్కున వెనక్కి తిరిగి బల్ల వైపు రెండడుగులు వేశారు. గుమస్తా అప్పటికే ఆ కాయితానికి ముద్ర వేసి, ఫైల్లో పెట్టి, తాడు బిగించి కడుతున్నాడు.